హారం పెద్దదైతే విలువ తక్కువ

రేపు ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఈసారీ పిల్లలకు భిన్నాలు రాకపోతే మిషన్ బడి మూసేయమని రాస్తానని పోయినసారే చెప్పి వెళ్లాడు. ఊరి పేరు అర్ధవీడు. పేరులోనే అర పెట్టుకుని భిన్నాలు రాకపోవడమేమిటని ఆయన బాధ! అందుకని తెనాలి నుంచి వచ్చిన కరుణాకరం మాస్టరు ఆ పొద్దున ఒక ఏర్పాటు చేసుకున్నాడు. ఇన్నాళ్లూ ‘కింద అంకె’ అని చెప్పినదాన్ని, పెద్దల ముందు మోటుగా ఉంటుందని పుస్తకంలో ఉన్నట్టు ‘హారం’ అని మార్చేశాడు. మార్చిన సంగతి పిల్లలకు చెప్పలేదు, మహానుభావుడు!

"రేపు హారం సంగతి మరిచారో, వీపు చిట్లగొడతాను! హారం సున్నా కాకూడదు. హారాలు సమానం చేశాకే కలపాలి. హారం పెద్దదైతే విలువ తగ్గుతుంది. అర్థమైందా?"

"అయింది అయ్యోరూ!" అన్నారు నలభైమందీ. కాలేదన్నవాడికి గోడకుర్చీ అని వాళ్లకు తెలుసు.

మణెమ్మ ఇంటికి పోయి తల్లి ఎలీషబాకు అంతా అప్పజెప్పింది.

"హారమంటే ఏందే?"

"దండ గదమ్మా! ఇన్‌స్పెక్టరుకు."

"సున్నా కాగూడదంటే ఉత్తచేతుల్తో రావొద్దని. సమానమంటే అందరియ్యీ ఒకే కొలత. పెద్దదైతే విలువ తగ్గేదేంది మరి?"

చర్చి సంఘపెద్ద పిచ్చయ్యను అడిగారు. ఆయన గడ్డం నిమురుకుని, "దండ పెద్దదైతే మనిషికి గర్వమొస్తాది. గర్వమొస్తే విలువ పోతాది. అయ్యోరు వాక్యం తెలిసినోడమ్మా!" అని మురిసిపోయాడు.

ఇంకేముంది! అడవి నుంచి తేనె తెచ్చి అమ్మే ఈరమ్మ చేత గంపెడు మోదుగుపూలు తెప్పించి, ఎలీషబా చేతిగాజే కొలతగా ఊరంతా దండలు గుచ్చింది.

మర్నాడు ఇన్‌స్పెక్టరు గడపలో కాలు పెట్టగానే నలభైమందీ మీద పడ్డారు. దండ తలపాగాకు పట్టలేదు. మణెమ్మ తనది ఆయన చెవికి తగిలించింది. కరుణాకరం బడి పోయిందనే అనుకున్నాడు పాపం.

"ఏమిటిది?"

"హారమయ్యా."

"ఇంత చిన్నదా?"

"హారం పెద్దదైతే విలువ తగ్గుతాదయ్యా!"

ఇన్‌స్పెక్టరు కళ్లద్దాలు సర్దుకున్నాడు. "అన్నీ ఒకే కొలతేం?"

"సమానం చెయ్యకుండా కలపగూడదంట."

"ఎవరూ తేకపోతే?"

"హారం సున్నా కాగూడదయ్యా!" బడి కప్పెగిరేలా అరిచారు అందరూ.

"ఆహా! పూలతో భిన్నాలా!" ఇన్‌స్పెక్టరు ఆ చెవి పువ్వుతోనే కూర్చుని రిపోర్టు రాశాడు. బడి నిలిచింది. "వచ్చే నెల మార్కాపురంలో పంతుళ్లందరికీ ఈ పద్ధతి మీరే నేర్పాలి మాస్టరుగారూ!"

ఏ పద్ధతో కరుణాకరానికి తెలిస్తేగా! సాయంత్రం ఎలీషబా ఇంటికి పోయి, అరుగు మీద కూర్చుని, "మణెమ్మా, హారమంటే నీకేమని అర్థమైంది తల్లీ?" అని అడిగాడు. బడిలో చేరాక ఆయన బెత్తం లేకుండా అడిగిన మొదటి ప్రశ్న అది. సంగతంతా విని తల పట్టుకున్నాడు.

"హారమంటే కింద అంకె!"

"కింద అంకెనా! అది మాకెప్పుడో వచ్చు గదా అయ్యోరూ!"

అయినా మరుసటి నెల మార్కాపురంలో కరుణాకరం పంతుళ్లందరికీ దండలు గుచ్చడమే నేర్పాడు. సర్కారు ఆర్డరు మరి.