మూడు తాళాల మెయిలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల టమాటా రైతుల ఉమ్మడి సంఘానికి వచ్చే మెయిళ్లు ఇకమీదట ఎవరూ ముట్టుకోకుండా వాటంతటవే కంప్యూటర్లోకి దిగుతాయని సభ్యులకు సంతోషంతో తెలియజేయడమైనది. ఈ వాక్యం రాసింది సంఘం గుమాస్తా చెంగయ్య. మదనపల్లె ఆఫీసు గోడకు అంటించిందీ అతడే. చదివిన వాళ్లందరూ బాగుందన్నారు. ముట్టుకోకుండా జరిగే పని అంటే మనవాళ్లకు మొదటినుంచీ గౌరవమే.

అంతకుముందు పద్ధతి మరీ అనాగరికంగా ఉండేది. చెంగయ్య పొద్దున్నే వేపపుల్ల నములుతూ తన ఫోన్లో సంఘం మెయిలు తెరిచేవాడు. ఏ రైతు సరుకును ఏ కంపెనీ ఏ రోజు దించుకుంటుందో చూసి, ఆ రైతుకు ఫోన్ కొట్టి చెప్పేవాడు. అంతే. ఇందులో కమిటీ లేదు, తీర్మానం లేదు, అధ్యక్షుల వారి సంతకం లేదు. ఒక్క మెయిలూ ఏనాడూ తప్పిపోకపోవడం వల్ల ఈ లోపం ఎవరి దృష్టికీ రాలేదు.

దృష్టికి తెచ్చింది అధ్యక్షులు ప్రతాప్ గారు. హార్స్లీ హిల్స్‌లో ఒక రిసార్టులో సైబర్ భద్రత మీద సదస్సు జరిగితే వెళ్లి, భోజనానికి ముందు కొంత విని, భోజనం తరువాత కొండ చూసి దిగి వచ్చారు. వస్తూనే చెంగయ్యను పిలిచారు.

"సంఘం మెయిలు నీ జేబులో ఉండాదంటే ఎంత ప్రమాదమో తెలుసునా? రేపు నువ్వు బాయిలో పడితే?"

"బాయిల్లో నీళ్లు యాడుండాయి సార్, పడేకి," అన్నాడు చెంగయ్య.

ఆ జవాబు భద్రతాపరంగా సరిపోలేదు. బెంగళూరులో కొన్నాళ్లు కొలువు చేసి వచ్చి మదనపల్లెలో కంప్యూటర్ల అంగడి పెట్టుకున్న వరుణ్‌ను పిలిపించారు. అతడు సంఘం కంప్యూటర్లో లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం ఎక్కించాడు. అది ఉచితమని తెలిసినప్పుడు కమిటీ మొహాలు కాస్త వాడాయి గాని, దాన్ని నేర్చుకోవడం కష్టమని విని మళ్లీ తేరుకున్నాయి.

కమిటీ అంటే ముగ్గురు. మదనపల్లెకు ప్రతాప్ గారు, పుంగనూరుకు మునెప్ప గారు, కుప్పానికి శాంతకుమారి గారు. ఒక ఊరి మాట ఇంకో ఊరు వినదన్నది సంఘం రాజ్యాంగంలో రాయని మొదటి నియమం.

వరుణ్ వాళ్లకు పని విధానం చెప్పాడు. దీంట్లో ఒక ప్రోగ్రాం పెడతాం, అది కొద్దిసేపటికొకసారి తానే పోయి మెయిళ్లు తెస్తుంది. దారిలో ఎవరూ చదవకుండా కట్టుదిట్టం ఉంటుంది. అసలు మెయిలు పైన సర్వర్లో అట్లే ఉంచుతాం, ఇక్కడ చెడినా అక్కడ ఉంటుంది. పాస్‌వర్డు ఒక ఫైల్లో రాసిపెడతాం. ఆ ఫైలును ఓనరు తప్ప ఇంకెవరూ చదవలేరు. చదివే సందు ఉందంటే ప్రోగ్రాం పనే చెయ్యనని మొండికేస్తుంది.

చివరి మాట దగ్గర కమిటీకి నిద్ర వదిలింది.

"ఓనరంటే ఎవురు?" అన్నారు మునెప్ప గారు.

"మనుషులెవరూ కాదు సార్. మెయిలు తెచ్చేదానికని కంప్యూటర్లో ఒక పేరు సృష్టిస్తాం. తపాలా అనుకోండి. దానికి ఇంకే అధికారమూ ఉండదు."

"తపాలానా? యా ఊరోడప్పా వాడు? సంఘానికి షేరు కట్టినాడా?"

"మనిషి కాదు సార్."

"మనిషి గానోడికి మన గుట్టు ఇచ్చేదా? ముప్పయ్యేండ్ల మెంబర్ని, నాకు లేని హక్కు వానికి యాల?"

శాంతకుమారి గారు అందుకున్నారు. "అన్న చెప్పేది న్యాయం. ఓనరు ఒకడే అయితే వాడు మదనపల్లెలోనే కదా ఉంటాడు? మా కుప్పమోళ్లం రైలు దిగి వాని దయకోసం కూసోవల్లనా?"

ప్రతాప్ గారు చెయ్యెత్తి గొంతు సవరించుకున్నారు. "మన పెద్దలు వెర్రివాళ్లు కారు. గంగమ్మ నగలపెట్టెకు మూడు తాళాలు వేసి, మూడిళ్లలో మూడు తాళంచెవులు పెట్టారు. ముగ్గురూ వస్తే తప్ప పెట్టె తెరుచుకోదు. ఇన్ని తరాల్లో ఒక్క నగ పోయిందా? అదీ భద్రత! మన సంస్కృతిలో లేని టెక్నాలజీ ఏదీ లేదు!"

చప్పట్లు మోగాయి. ఆ పెట్టె జాతరకొకసారి మాత్రమే తెరుస్తారన్న సంగతి చెంగయ్య నాలుక చివరిదాకా వచ్చి, అక్కడే కాసేపు నిలబడి, వెనక్కి పోయింది.

చెంగయ్య తీర్మానం రాసుకున్నాడు. పాస్‌వర్డును మార్చి మూడు ముక్కలు చేయవలెను. ఒక్కో ఊరికి ఒక్కో ముక్క. ఏ ఫైల్లోనూ రాయరాదు. ఫోన్లో చెప్పరాదు. యంత్రం దాన్ని మనసులో పెట్టుకోరాదు. మెయిళ్లు తెచ్చే ప్రతిసారీ ముగ్గురూ స్వయంగా వచ్చి వరుసగా కొట్టవలెను. ఒకరు కొట్టునప్పుడు మిగతా ఇద్దరూ గోడవైపు తిరగవలెను. మిగతాదంతా ఆటోమేటిక్కు.

"అట్లయితే ఇది ఆటోమేటిక్ ఎట్లవుతుంది సార్?" అన్నాడు వరుణ్.

"మేం రాంగానే అదే తెస్తాది కదప్పా! ఇంకేం కావల్ల నీకు?" అన్నారు మునెప్ప గారు. వరుణ్ తన సంచి సర్దుకున్నాడు.

చెంగయ్యకు ఒకటే గుబులు. పుంగనూరు దగ్గర పల్లెలో రెడ్డెమ్మ తోట కాపుకొచ్చి ఉంది. మార్కెట్టులో టమాటాను అడిగే దిక్కు లేదు. కుప్పం అవతల ఒక సాసు కంపెనీ ఆమె కాయల నమూనా చూసి బాగుందంది. ఏ రోజు లోడు తేవాలో సంఘానికి మెయిలు పెడతామంది. ఆ రోజు తప్పితే గేటు తెరిచేది లేదని కూడా చెప్పింది.

"సార్, రెడ్డెమ్మక్క మెయిలు రావాల్సుంది. అది వచ్చేదాకా నా ఫోన్లో ఉండనీండి," అన్నాడు.

"ఒకరి కోసం భద్రతను బలిపెట్టమంటావా?" అన్నారు అధ్యక్షుల వారు. చెంగయ్య ఫోన్లోంచి మెయిలు తీసేశారు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. కీబోర్డుకు పసుపు కుంకుమ పెట్టారు. ముగ్గురూ గోడవైపు తిరుగుతూ, ఇటు తిరుగుతూ ముక్కలు కొట్టారు. వరుణ్ పక్కనుండి చెబుతుండగా మొట్టమొదటి మెయిలు దిగింది. అది బట్టతల మీద జుట్టు మొలిపించే నూనె ప్రకటన. సభలో కొందరు కళ్లు తుడుచుకున్నారు.

మరుసటి దినం నుంచి రెడ్డెమ్మ ఆఫీసు మెట్ల మీద కూర్చోవడం మొదలుపెట్టింది.

"ఏమప్పా చెంగయ్యా, వచ్చెనా?"

"వచ్చే ఉంటాదిలే అక్కా."

"వచ్చింటే సూడరాదా?"

"చూసేకి ముగ్గురూ రావల్ల."

"యాల? ఏమన్నా పెండ్లిచూపులా?"

చెంగయ్య ముగ్గురికీ ఫోన్ చేశాడు. ప్రతాప్ గారు మన మూడు తాళాల విధానాన్ని వివరించడానికి మళ్లీ హార్స్లీ హిల్స్ సదస్సుకు వెళ్లారు. మునెప్ప గారు కలికిరి సంతలో ఎద్దులు చూస్తున్నారు. శాంతకుమారి గారు మాత్రం రెండుసార్లు కుప్పం నుంచి వచ్చి, మిగతా ఇద్దరూ లేక, కాఫీ తాగి తిరిగి పోయారు. ఆమె రాక, పోక రెండూ హాజరుగా నమోదయ్యాయి.

చెట్టున కాయ ఎరుపు తిరిగింది. ఎరుపు ముదిరింది. రెడ్డెమ్మ ఒకనాడు కొంగులో నాలుగు కాయలు తెచ్చి చెంగయ్య బల్ల మీద పెట్టింది. ఒకటి అప్పటికే పగిలి ఉంది. చెంగయ్య పగిలినదాన్ని పక్కకు తీసి బల్ల తుడిచాడు.

చివరకు ముగ్గురూ కలిశారు. రెడ్డెమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. ప్రతాప్ గారు తన ముక్క కొట్టి లేచారు. మునెప్ప గారు కూర్చున్నారు. లైనక్స్‌లో పాస్‌వర్డు కొడితే తెరమీద అక్షరమూ పడదు, చుక్కా పడదు. అది దాని భద్రత. ప్రారంభోత్సవం నాడు వరుణ్ ఈ మాట చెప్పినప్పుడు మునెప్ప గారికి శాలువా కప్పుతున్నారు.

"ఏమీ పళ్లేదే! నా ముక్క యాడికి పోతాండాది?" అంటూ మళ్లీ కొట్టారు. ఇంకోసారి గట్టిగా కొట్టారు. కాయలు రాలినట్టు కీబోర్డు చప్పుడైంది.

"చూసి కొట్టన్నా!" అన్నారు ప్రతాప్ గారు, గోడకేసి నిలబడే.

"సూసేకి ఏముండాది? మీ మదనపల్లె ముక్కను తీసుకునింది, మా పుంగనూరంటేనే దీనికి లోకువ!"

శాంతకుమారి గారు తన ముక్క తప్పు లేకుండా కొట్టారు. ముందు పడినదానికి వెనక పడినది అతకలేదు. ముగ్గురూ మొదటినుంచీ మళ్లీ కొట్టారు. పుంగనూరు గౌరవం కోసం మునెప్ప గారు ప్రతిసారీ మరికాస్త ఎక్కువే కొట్టారు. ఎవరో దొంగ ప్రయత్నిస్తున్నాడని మెయిలు కంపెనీ వాళ్లు ఖాతాను మూసేశారు. రేపు రమ్మన్నారు.

"చూశారా, ఎంత భద్రంగా ఉందో! మనకే తెరుచుకోలేదు!" అన్నారు అధ్యక్షుల వారు, నిజమైన ఆనందంతో.

మరునాడు వరుణ్ పక్కన కూర్చుని మునెప్ప గారి వేలు పట్టి కొట్టించాడు. మెయిళ్లు బిలబిలా దిగాయి. నూనె ప్రకటనలకూ లాటరీ శుభాకాంక్షలకూ మధ్య సాసు కంపెనీ మెయిలు ఉంది. లోడు ఏ తేదీ సాయంత్రంలోగా గేటు దగ్గరికి రావాలో రాసి ఉంది. ఆ తేదీ నిన్నటిది. చెంగయ్య దాన్ని రెడ్డెమ్మకు చదివి వినిపించాడు. ఆమె ఆ తేదీని మళ్లీ ఒకసారి చదవమంది. చదివాడు.

ఆమె తోటలోకి ఊరి ఆవులను తోలుకోమని చెప్పి, సర్వసభ్య సమావేశానికి వచ్చింది.

సమావేశంలో ప్రతాప్ గారు ప్రసంగించారు. "మిత్రులారా! మూడు తాళాల విధానం పెట్టిన తరువాత మన మెయిళ్లలో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, బయటివాడి కంట పడలేదని సగర్వంగా మనవి చేస్తున్నాను!"

రెడ్డెమ్మ లేచింది. "బయటోడి సంగతి సరేనప్పా. దొంగన్నా వచ్చింటే బాగుండు. వాడైనా సదివి, ఓ మాట చెప్పి పోయుండు."

నవ్వు లేచింది. ప్రతాప్ గారు నవ్వలేదు కాబట్టి ఆగింది. దొంగలకు అనుకూలంగా మాట్లాడిన కారణం చేత శ్రీమతి రెడ్డెమ్మ సభ్యత్వాన్ని నిలుపుదల చేయడమైనది అని ఒక తీర్మానం, పాస్‌వర్డుకు నాలుగో ముక్క చేర్చి, సంఘంలో కొత్తగా చేరిన కలికిరి వారికి ఇవ్వడమైనది అని ఇంకో తీర్మానం ప్రవేశపెట్టారు. రెంటికీ వరుసగా చేతులెత్తమన్నారు.

రెంటికీ ఎత్తారు. హాలు నిండా చేతులు. అందరికంటే పైకి ఎత్తినవాళ్లు, తమ కాయల మెయిళ్లు ఇంకా ఆ మెయిలు పెట్టెలో తెరవకుండా ఉన్న రైతులు. రెడ్డెమ్మ మరిదీ ఎత్తాడు. చెంగయ్య రాస్తున్న కలంతోనే ఎత్తాడు.

"వ్యతిరేకించేవాళ్లు?" అన్నారు ప్రతాప్ గారు, పద్ధతి కోసం.

ఒక్క రెడ్డెమ్మ చెయ్యెత్తింది. దించలేదు. మొదటి తీర్మానం ప్రకారం ఆమె అప్పటికే సభ్యురాలు కాదు. చెంగయ్య ఆ చేతిని ఒకసారి చూసి, తల వంచుకుని, ఏకగ్రీవం అని రాశాడు.