రెండు వందల పద్నాలుగు హ్యాపీ జర్నీలు, ఒక నిమ్మమొక్క

పాఠక మహాశయులారా, ఇవాళ కుండ బద్దలు కొట్టేస్తున్నాను. మనిషి పరదేశ ప్రయాణం పెట్టుకుంటే ఇన్సూరెన్సు అక్కర్లేదు, పైలట్ అక్కర్లేదు, ఆ మాటకొస్తే విమానానికి రెక్కలు కూడా అక్కర్లేదు! "హ్యాపీ జర్నీ" చెప్పే స్నేహితులుంటే చాలు. ఆ ఊపుకే విమానం గాల్లోకి లేస్తుంది.

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను. పెళ్లయిన ఇరవై ఆరేళ్ళకి నేనూ మా ఆవిడా మొదటిసారి సముద్రాలు దాటి, ఎనిమిది రోజుల విహారయాత్ర చేసొచ్చాం. చేసొచ్చాం అనడం నా అహంకారం. మావాళ్ళు దీవించి చేయించారు!

మా బిల్డింగుకో వాట్సాప్ గ్రూపుంది. పేరు 'సుఖీభవ'. మేం వెళ్తున్న సంగతి పొద్దున అందులో పెట్టాను. సాయంత్రానికి రెండు వందల పద్నాలుగు హ్యాపీ జర్నీలు! బిల్డింగులో ఉన్నవి ముప్పై ఆరు ఇళ్ళు. మిగతావి ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయంటారా? ప్రేమకి లెక్కలేమిటండీ! ఎదురింటి పిన్నిగారొక్కరే పదకొండు పంపారు. ఒక బొమ్మలో విమానం, ఒకదాంట్లో ఓడ, ఒకదాంట్లో, ఎందుకో తెలియదు గానీ, ఒంటె.

అన్నింటికీ విడివిడిగా థాంక్స్ చెప్పాలి. "అందరికీ ధన్యవాదాలు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే గంపగుత్త థాంక్స్ అంటారు, మొహం చాటేస్తారు. కాబట్టి మా ఆవిడ బట్టలు సర్దుతుంటే నేను థాంక్సులు సర్దాను. ఆవిడ మూడు పెట్టెలు ముగించేసరికి నేను నూట తొమ్మిదో థాంక్స్ దగ్గరున్నాను. ఎవరు ఎక్కువ కష్టపడ్డారో మీరే తేల్చండి!

శుభాకాంక్షల వెనకే సలహాలు. సెలవు ఎనిమిది రోజులు, సలహాలు ఎనభై. పై అంతస్తు పళ్ళ డాక్టరు నా చిన్ననాటి స్నేహితుడు. ఇంటికొచ్చి, కూర్చోకుండానే నా దవడ పట్టుకున్నాడు.

"ఒరేయ్, అక్కడ పన్ను నొప్పొస్తే పన్ను పీకించుకోవడానికి ఇల్లమ్ముకోవాలి. పోనీ, అనుమానంగా ఉన్నవి రెండు ఇప్పుడే పీకేయనా?"

"అనుమానం పళ్ళ మీదా, నా మీదా?"

"ఫ్రెండువి కాబట్టి అడుగుతున్నాన్రా!"

ఇలాంటి స్నేహితుడు మీకున్నాడా? లేడు. ఉంటే మీరు ఈ పాటికి జావ తాగుతూ ఈ వ్యాసం చదువుతుండేవారు.

ఇక పిన్నిగారు వచ్చి మా ఇద్దరి తలల మీదా చెయ్యి పెట్టి, "వచ్చేటప్పుడు ఆ సన్న మూతి సెంటు సీసా, నీలం రంగుది, మర్చిపోకండమ్మా" అన్నారు. ఆశీస్సులంటే 'ఆ సీసా'లని నాకు అప్పుడు తెలిసింది! ఎంత తెలుగు నేర్పారు!

ఇంత ప్రేమ వెల్లువెత్తుతుంటే మా ఆవిడకి ఒకే ఒక్క చింత. నిమ్మమొక్క.

మా ఇల్లు మొదటి అంతస్తు. బాల్కనీలో పదిహేడు కుండీలు. కుండీ ఎండితే మా ఆవిడ గుండె ఎండుతుంది. అందులో ఒకటి ఆవిడ గింజ నాటి, ఆరేళ్ళు సాకిన నిమ్మ. ఆరేళ్ళూ ఆకులే. సరిగ్గా మా ప్రయాణానికి వారం ముందు మొట్టమొదటి పూత పట్టింది! ఆవిడ పూత చూసి, నన్ను చూసి, "ప్రయాణం మానేద్దామండీ" అంది. ఇరవై ఆరేళ్ళలో నేను పూసింది లేదు కనక నాకు కోపం కూడా రాలేదు.

"రెండు వందల పద్నాలుగు హ్యాపీ జర్నీలు చెప్పినవాళ్ళున్నారే మనకి! రెండు చెంబుల నీళ్ళు పోయరా?" అన్నాను.

ఆవిడ గ్రూపులో రాసింది. "నిమ్మమొక్క పూతకొచ్చింది. రోజూ రెండు చెంబుల నీళ్ళు ఎవరైనా పోయగలరా? తాళంచెవి గుమ్మం పక్కన చెప్పుల స్టాండులో, పై అరలో, నీలం కవర్లో పెడుతున్నాను."

వేళ్ళే వేళ్ళు! నిమిషంలో నలభై ఒక్క బొటనవేళ్ళు పైకి లేచాయి. మా ఆవిడ కళ్ళు చెమర్చాయి. నిశ్చింతగా విమానం ఎక్కింది.

ఇక్కడ ఒక ద్రోహి గురించి చెప్పాలి. మాకు హ్యాపీ జర్నీ చెప్పని ఏకైక వ్యక్తి! మా బాల్కనీ కింద దుకాణం పెట్టుకున్న దర్జీ. కుండీల నీళ్ళు కారి అతని కటింగు బల్ల మీద పడతాయి. రోజూ ఎనిమిదింటికి కింద నుంచి కేక. "ఏమయ్యో పైన! కోటు కుట్టమన్నారు గానీ ఉతకమనలేదు నన్ను!" తడిసిన కాలర్లకి ఫొటోలు తీసి రోజూ గ్రూపులో పెట్టేవాడు. నాలుగేళ్ళ కిందట అందరం కలిసి, ఏకగ్రీవంగా, అతణ్ణి 'సుఖీభవ' లోంచి తీసేశాం. అప్పట్నుంచి మాటల్లేవు, తిట్లే. కాబట్టి మేం వెళ్తున్నట్టు అతనికి తెలియదు. తెలిసినా ఒక ఒంటె బొమ్మ పంపే సంస్కారం ఉందంటారా?

సరే, సముద్రం. అద్భుతం అన్నారు చూసినవాళ్ళు. నేను నూట అరవయ్యో థాంక్స్ దగ్గరున్నాను కాబట్టి తలెత్తలేదు. మూడో రోజు మా ఆవిడ గ్రూపులో అడిగింది. "నిమ్మకి నీళ్ళు పోస్తున్నారు కదా?"

జవాబుగా పన్నెండు ఎర్ర గుండెకాయలు. ఒక "ఎంజాయ్!" పిన్నిగారి ఒంటె మళ్ళీ వచ్చింది.

అనుమానం వచ్చి డాక్టరుకి ఫోన్ చేసింది. "తాళంచెవి పిన్నిగారి దగ్గరుంది కదమ్మా!" అన్నాడు. పిన్నిగారు, "అయ్యో, డాక్టరు తీసుకున్నాడనుకున్నానే!" అన్నారు. అయితే ఇప్పుడు తీసుకోండి పిన్నీ అంటే, ఆవిడ కూతురింట్లో ఉన్నారు. డాక్టరు కాన్ఫరెన్సులో ఉన్నాడు. మిగతా వేళ్ళు ఫోనెత్తలేదు. మాకు వీసా దొరికింది గానీ వీసమెత్తు సాయం దొరకలేదు!

మా ఆవిడ చెప్పులు విప్పి, అలల దాకా వెళ్ళి నిలబడింది. "ఇన్ని నీళ్ళు!" అంది. "ఒక్క చెంబు అక్కడికి చేరదు."

తర్వాత నెమ్మదిగా నా ఫోన్ లాక్కుంది. "ఏమండీ, ఈ నలభై ఒక్క బొటనవేళ్ళలో మొట్టమొదటిది ఎవరిదో చూశారా?"

చూశాను. నాదే.

"మీరు నాతోపాటే విమానం ఎక్కుతున్నారు కదండీ. నీళ్ళు ఎలా పోద్దామని నొక్కారు?"

"బాగా రాశావని నొక్కానే."

పాఠకులారా, మిగిలిన అయిదు రోజులూ విహారయాత్రలో 'విహారం' పోయి 'యాత్ర' మిగిలింది. ఆవిడ సముద్రం చూడలేదు, నేను ఆవిడ మొహం చూడలేదు. మొత్తానికి ఆ ఒంటె బొమ్మలో మర్మం నాకు బోధపడింది. నీళ్ళు లేకుండా ఎనిమిది రోజులు ఎలా బతకాలో పిన్నిగారు నిమ్మమొక్కకి నేర్పుతున్నారు! ఎంత ముందుచూపు!

తిరిగొచ్చాం. నీలం కవరు పెట్టినచోటే, పెట్టినట్టే ఉంది. మా ఆవిడ చెప్పులు కూడా విప్పకుండా బాల్కనీలోకి పరుగెత్తింది. నేను ఓదార్పు మాటలు వెతుక్కుంటూ వెనకాల వెళ్ళాను.

బాల్కనీ అంతా తడి. గోడలు తడి. ఆరేసిన నా బనీను తడి. పదిహేడు కుండీలూ పచ్చగా ఉన్నాయి! నిమ్మ పూత సగం రాలింది, మిగతా సగంలో మూడు పిందెలు.

కిందకి తొంగి చూశాం. దుకాణం కడుక్కునే పైపు చేత్తో పట్టుకుని, స్టూలు మీద దర్జీ. పైకి కొట్టిన నీళ్ళు కిందకి కారి, తల దగ్గర్నుంచి తడిసి ముద్దయి ఉన్నాడు. మమ్మల్ని చూడగానే కేక.

"వచ్చారూ? నీళ్ళు కారడం ఆగితే, మొదటి రోజు నాకు భయపడ్డారనుకుని సంతోషించాను. రెండో రోజూ కారలేదు, ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. మూడో రోజు పైకొచ్చి తలుపు కొడితే తాళం! పైపు దెబ్బకి పూత కొంత రాలింది, దానికి నన్నేమీ అనకండి. ఎక్కడికైనా వెళ్ళేటప్పుడు చెప్పి చావొచ్చు కదయ్యా!"

మా ఆవిడ రెయిలింగు పట్టుకుని వంగి, "తప్పయింది అన్నయ్యా" అంది.

"అన్నయ్యా లేదు, గిన్నయ్యా లేదు. చెల్లెలైతే కాలర్లు తడపదు!" అని పైపు చుట్టుకుంటూ లోపలికి పోయాడు.

కాబట్టి మళ్ళీ గట్టిగా చెబుతున్నాను. హ్యాపీ జర్నీలు గొప్పవి! అవి లేకపోతే, రెండు వందల పద్నాలుగు పంపినవాళ్ళు కూడా మనకేమీ చెయ్యలేదన్న సంగతి మనకెలా తెలుస్తుంది? నీలం సీసా పిన్నిగారికి ఇచ్చేశాను. "ట్రిప్ ఎలా జరిగింది?" అని ఆవిడా అడగలేదు, డాక్టరూ అడగలేదు. పాపం, అదివరకే విష్ చేసేశారు కదా, ఇంకా ఏం మిగిలింది?

నేను మాత్రం ఒక పని చేశాను. దర్జీని మళ్ళీ గ్రూపులో చేర్చబోయాను. మా ఆవిడ ఫోన్ లాక్కుంది. "వద్దండీ. అతను కూడా బొటనవేలు నేర్చుకుంటాడు" అంది.

ఇప్పుడు రోజూ ఎనిమిదింటికి ఆవిడ నిమ్మకి రెండు చెంబులు పోసి, పక్కన కుండీలో ఇంకో చెంబు కావాలని ఒలకబోస్తుంది. ఎందుకంటే, "మనం ఇంట్లోనే ఉన్నామని అతనికి తెలియొద్దూ!" అంటుంది.

వెంటనే కింద నుంచి కేక. "ఏమయ్యో పైన!"

దానికి థాంక్స్ మెసేజీ పెట్టక్కర్లేదు. మర్నాడు ఇంకో చెంబు పోస్తే చాలు.