విలువ గల నూనె

కేసముద్రం మార్కెట్ యార్డులో తినే నూనెల పరిశోధనశాల వెలిసిన నాటి నుండి మా ప్రాంతంలో అజ్ఞానం పూర్తిగా అంతరించిందని ఇందుమూలంగా తెలియజేయడమైనది. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం చల్లారిన కొత్తలోని ముచ్చట. పత్తి బోరాలు పెట్టే గదిలోకి గాజు గొట్టాలు వచ్చాయి. వాటి వెనకే దయాకర్ అనే శాస్త్రవేత్త వచ్చారు. గాలి తగిలితే నూనె ఎందుకు చెడుతుందన్నది ఆయన డాక్టరేటు. మా ఆడవాళ్లు మూత పెట్టి ఊరుకునే విషయాన్ని ఆయన ఏళ్ల తరబడి మూత తీసి చదివారు.

మొదటి పరీక్ష సర్కారు హాస్టలు పిల్లలకు పోసే నూనెకే. సరఫరా కోరినవాళ్లు ఇద్దరు. ఒకడు గానుగ జానీమియా. పొద్దున ఆడిన నూనె మధ్యాహ్నానికల్లా అమ్మేవాడు. హాస్టలు బేరం దొరక్కపోతే గానుగెద్దుతో సహా పస్తే. రెండోవారు పంచాయతీ సమితి అధ్యక్షులు మహిపాల్ రెడ్డి గారి బావమరిది. ఆయన డబ్బాలు గోదాములో ఎన్ని ఎండాకాలాలు చూశాయో వాటికే తెలియదు. ఒక డబ్బా మూత తీసిన రోజున, మా స్టేషన్లో ఎన్నడూ ఆగని ఎక్స్‌ప్రెస్సు ఇంకాస్త జోరందుకుని పోయింది.

దయాకర్ గారు పరీక్షించి, ప్రజలకు అర్థం కావాలని మైకులో తెలుగులోనే ప్రకటించారు: “జానీమియా నూనె పెరాక్సైడ్ విలువ రెండు. బావమరిది గారి నూనె విలువ నలభై.”

నూనె ఎంత చెడితే ఆ అంకె అంత పెరుగుతుందని శాస్త్రం. విలువ అన్నాక ఎక్కువ ఉన్నదే గొప్పదని లోకం. చప్పట్లు మోగాయి.

“నలభై ఎక్కడ, రెండు ఎక్కడ!” అని అధ్యక్షులు గర్జించారు. “పేదబిడ్డలకు విలువ లేని నూనె పోయనియ్య. నా పానం పోయినా పోయనియ్య!”

సవరించడానికి దయాకర్ గారు నోరు తెరిచారు. అందులో ఎవరో లడ్డూ పెట్టారు. మెడలో దండ పడింది. ఆ బూందీ ఏ నూనెలో వేగిందో ఆ నాలుకకు తెలియకపోదు. అయినా మింగారు.

తరువాత సూక్ష్మజీవుల పరీక్ష. బావమరిది గారి నూనెను క్రిములు కూడా ముట్టలేదు. పరిశుభ్రతకు ఇంతకన్నా రుజువేమిటని మరో దండ.

హాస్టలు వంటమనిషి రాజమణి గంటె పట్టుకుని వార్డెన్ దగ్గరికి వచ్చింది. “సారూ, గీ నూనె గబ్బు వాసనొస్తున్నది. పోరగాండ్లకు ఎట్ల పెట్టాలె?”

“అది వాసన కాదు అవ్వా, విలువ. నీకు సమజ్ కాదు తియ్యి.”

పూరీలు తిన్న పిల్లలంతా దవాఖానలో పడ్డారు. విచారణ సంఘం వేశారు. నూనెలో దోషం లేదనీ, పిల్లల కడుపులకే అంత విలువ అలవాటు లేదనీ సంఘం తేల్చింది.

ఆఖరికి జానీమియా శాస్త్రవేత్త ఇంటికే పోయాడు. “సార్, జర చెప్పుండ్రి. నా నూనెకు విలువ ఎట్ల పెరుగుతది?”

దయాకర్ గారు అటూ ఇటూ చూసి నిజం చెప్పారు. ఆ పరిశోధనశాల చరిత్రలో అదొక్కసారే. “మూత తీసి ఎండలో పెట్టు.”

జానీమియా పీపాలు వాకిట్లో బార్లా తెరిచాడు. భార్య సఫియా బేగం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని లొల్లి పెట్టింది. “మంచి నూనెను ఖరాబ్ చేస్తున్నవ్! పిల్లలు తింటరు గదా!”

“మంచిగున్నప్పుడు ఎవడు కొన్నడే?”

మరుసటి ఏడు అతని విలువ అరవై. పిల్లలు మళ్లీ దవాఖానకు, జానీమియా వేదిక మీదికి. వేసిన బంతిపూల దండ ఇంటికి తెచ్చి ముందర పెడితే గానుగెద్దు మూతి తిప్పుకుంది.

చదివే మీరు ముక్కు మూసుకోనక్కరలేదు. మొన్న దండాలు పెట్టుకుంటూ మన వాడకు వచ్చిన తెల్లబట్టలాయనను విలువ చూసే గెలిపించాం. వాసన అప్పుడూ వచ్చింది.