మెడ దగ్గర ఆగిన ఫైలు

మీ ఇంట్లో తాతయ్యో నాయనమ్మో కళ్లజోడు ఎక్కడ పెట్టారో మర్చిపోతుంటే, మీరు ఆ జబ్బుని మొదట ఎక్కడ వెతుకుతారు? తలలో. అవునా, కాదా? అవునన్నవాళ్లెవరూ లేచి వెళ్లకండి. ఈ కథ మీకే.

ఒక పెద్ద అడవిలో ఒక పాలకమండలి ఉండేది. దాని అధ్యక్షుడు భల్లూకరావు అనే ఎలుగుబంటి. ప్రతి సభలో తేనె పూసిన వాగ్దానం ఒకటి చేసి, మూతి తుడుచుకుని వెళ్లిపోయేవాడు. వినడం, చప్పట్లు కొట్టడం, మర్చిపోవడం అడవికి అలవాటే.

మర్చిపోనిది ఒక్కతే. రాజ్యమ్మ అనే ముసలి ఏనుగు.

"ఏం భల్లూకం, మూడేళ్ల కిందట ఇదే బండెక్కి, మడుగులో పూడిక తీయిస్తానన్నావు. ఏదీ?" అని నిండు సభలో అడిగేది. భల్లూకరావుకి తేనె చేదెక్కేది.

ఆవిడకి ఇంకొకటి కూడా గుర్తుంది. ఎంత కరువొచ్చినా ఎండని రాతి ఊట ఒకటి కొండల అవతల ఉంది. చిన్నప్పుడు వాళ్లమ్మ తోక పట్టుకుని నడిచిన దారి. ఊట ఉందని అందరూ విన్నవాళ్లే, ఆ దారి తెలిసింది మాత్రం ఆవిడొక్కదానికే.

రాజ్యమ్మని సభ నుంచి గెంటేస్తే గొడవవుతుంది. మరి సన్మానిస్తే? భల్లూకరావు మర్నాడే 'పెద్దల గౌరవ పథకం' ప్రకటించాడు.

"మన పెద్దలు జీవితమంతా నమిలి నమిలి అలిసిపోయారు! ఇక వాళ్లు ఒక్క ఆకు కూడా నమలకూడదు. కూర్చున్న చోటికే అరటిపండు గుజ్జు, తేనె కలిపిన మెత్తటి ముద్ద వస్తుంది. సభలకి నడిచొచ్చే శ్రమ కూడా వద్దు!"

చప్పట్లు మోగాయి. రాజ్యమ్మ మెడలో దండ పడింది.

"అమ్మమ్మా, నీ పళ్లు బాగానే ఉన్నాయి కదే?" అంది మనవరాలు చిగురు. ఈడొచ్చిన ఏనుగు, నోరున్న పిల్ల.

"ఊరుకోవే. అంత మర్యాద చేస్తుంటే వద్దంటే బాగుంటుందా?" అంది రాజ్యమ్మ.

అక్కడ జరిగింది పొరపాటు. ఏనుగు జాతికి బరువు మొయ్యడం తెలుసుగానీ, మర్యాదని వద్దనడం తెలీదు.

వెదురు, వేళ్లు, చెట్టు బెరడు తిని పెరిగిన కడుపులోకి పూటపూటా గుజ్జు దిగింది. ఆరు నెలలు గడిచాయి. మొదట రాజ్యమ్మ పూడిక సంగతి అడగడం మానేసింది. భల్లూకరావు పండగ చేసుకున్నాడు. తర్వాత అప్పుడే తిన్న ముద్దని తినలేదంది. ఒకరోజు ఒళ్లు రుద్దుతున్న చిగురుని చూసి, మర్యాదగా అడిగింది.

"ఎవరి పిల్లవమ్మా నువ్వు?"

చిగురు రుద్దడం ఆపలేదు. కళ్లు మాత్రం అటు తిప్పుకుంది.

ఈలోగా ఎండలు ముదిరాయి. పూడిక తీయని మడుగు ఎంతకాలం నిలుస్తుంది? అడుగున నెల రోజులకి సరిపడా బురదనీళ్లు మిగిలాయి. అప్పుడు అందరికీ ఊట గుర్తొచ్చింది. అడవి అడవంతా రాజ్యమ్మ దగ్గరికి పరిగెత్తింది.

"ఊటా? ఏ ఊట?" అంది రాజ్యమ్మ. "ముద్ద తెచ్చారా?"

భల్లూకరావుకి ముచ్చెమటలు పట్టాయి. వెంటనే అత్యవసర సభ పెట్టాడు. మండలిలో తల జబ్బులు చూసే తల శాఖ అధికారి వడ్రంగిపిట్ట వచ్చి, రాజ్యమ్మ నుదుటి మీద నలభైసార్లు పొడిచి, చెవి ఆనించి విన్నాడు.

"పరీక్ష పూర్తయింది. కారణం వయసు."

"మందు?" అన్నాడు భల్లూకరావు.

"వయసుకి మందేముందండీ? రేపు మళ్లీ పొడిచి చూస్తాను."

"అయ్యా, ఒక్క మాట," అని వెనకనుంచి సన్నటి గొంతు వినిపించింది. పేడపురుగు ఉండలయ్య.

ముందు వరసలో నెమలి ముక్కు మూసుకుంది. "వీణ్ణెవరు రానిచ్చారు?"

"నేను రాలేదమ్మా, గుమ్మం బయటే ఉన్నాను. నలభై తరాలుగా మాది ఒకటే పని. ఎవరి కడుపు ఎలా ఉందో మాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. రాజ్యమ్మగారి పేడలో ఇదివరకు పీచుండేది, గింజలుండేవి. ఇప్పుడు ఉండ చేద్దామంటే చేతికి నిలవట్లేదు. ఆవిడ కడుపులో కంటికి కనబడని జీవులు కోట్లున్నాయి. వాటి తిండి పీచు. మీరు ఆవిణ్ణి గౌరవించి, వాటిని పస్తులు పెట్టారు."

"కడుపులో పురుగులు పస్తులుంటే తలకేంట్రా?" అన్నాడు వడ్రంగిపిట్ట.

"కడుపు నుంచి తలకి రోజంతా కబుర్లు వెళ్తుంటాయండీ. అదొక్కటే కారణం అని నేననను. వయసూ ఉండొచ్చు. అక్కడ కూడా చూడండి అంటున్నాను, అంతే."

భల్లూకరావు గొంతు సవరించుకున్నాడు. "కడుపు విషయమైతే కడుపు శాఖకి వెళ్లాలి. ఫైలు పంపండి."

కడుపు శాఖ అధికారి కొండచిలువ. అప్పుడే ఒక అడవిపందిని మింగి పడుకున్నాడు. ఒక కన్ను తెరిచాడు. "మతిమరుపా? తల శాఖకి పంపండి. నేను ఇది అరిగాక చూస్తా."

"ఎప్పుడరుగుతుంది?"

"వానలకి."

తల శాఖ ఫైలుని కిందికి తోసింది, కడుపు శాఖ పైకి తోసింది. అది మెడ దగ్గర ఆగింది. మెడ ఎవరిది? ఎవరిదీ కాదు. అందుకని అందరికన్నా పొడుగు మెడ ఉన్న కొంగ అధ్యక్షతన సమన్వయ సంఘం వేశారు. అసలు మెడ ఎక్కడ మొదలవుతుంది అన్నదాని మీద కొంగ మూడు సమావేశాలు నడిపింది. మూడో సమావేశంలో ఏనుగుకి మెడ కనబడదు కాబట్టి సమస్యే లేదని తేల్చింది.

చిగురు ఇక ఆగలేకపోయింది.

"అధ్యక్షా! మా అమ్మమ్మ తల ఒక ఊళ్లో, కడుపు ఇంకో ఊళ్లో ఉన్నాయా? ఆవిడ ఒక్క మనిషిలాగా, అదే, ఒక్క ఏనుగులాగానే నడుస్తుంది కదా! శాఖలు మీకున్నాయి, ఒంటికి లేవు. కడుపు పంపే కబురు మీ ఫైలులాగా మెడ దగ్గర టీ తాగుతూ కూర్చోదు!"

"సభా మర్యాద!" అని అరిచింది నెమలి.

"మర్యాదతోనే మా అమ్మమ్మని ఈ గతికి తెచ్చారు," అనేసి చిగురు గుమ్మం బయటికి నడిచింది. "ఉండలయ్య బాబాయ్, ఏం చెయ్యాలో నువ్వు చెప్పు."

ఉండలయ్య నసిగాడు. "చెప్తే కొడతావేమో తల్లీ. ఆవిణ్ణి నడిపించు. వెదురు, బెరడు మళ్లీ అలవాటు చెయ్యి, కొంచెం కొంచెంగా. కానీ పస్తులుండి పోయిన జీవులు తిండి పెట్టగానే పుట్టుకురావు కదా. విత్తనం కావాలి. అది నీ దగ్గరుంది."

"నా దగ్గరా? ఎక్కడ?"

ఉండలయ్య ఆమె తోక వైపు చూశాడు. చిగురుకి అర్థమైంది. ఆమెకి కోపం రాలేదు. ప్రతి ఏనుగు గున్నా పాలు మరిచే వయసులో ఏం తిని ఆకులు అరిగించుకోవడం నేర్చుకుంటుందో ఏనుగులకి తెలుసు. పెద్దవాళ్ల పేడ.

తన పేడని ఉండ చేసి, వెదురాకు చుట్టి, అమ్మమ్మ ముందు పెట్టింది. మోసం చెయ్యలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది.

రాజ్యమ్మ వాసన చూసింది.

"చిన్నప్పుడు నాది నువ్వు తిన్నావా?"

"తిన్నానే."

"అయితే ఇప్పుడు నా వంతు," అని నోట్లో వేసుకుంది.

ముద్దలు ఆగాయి. నడక మొదలైంది. మొదటి వారం రాజ్యమ్మ మనవరాలిని తిట్టని తిట్టు లేదు. రెండో వారం బెరడు తనే చీల్చుకుంది. మూడో వారం కొండల వైపు తిరిగి, తొండమెత్తి నిలబడింది.

పూర్తిగా బాగుపడిందని చెప్పను. అబద్ధమవుతుంది. కొన్ని పేర్లు తిరిగి రాలేదు. కానీ ఒక పొద్దున, "చిగురూ, నా తోక పట్టుకో," అంది. పేరు పెట్టి పిలిచింది. చిగురు పట్టుకుంది. వెనక అడవంతా కదిలింది.

రెండు రోజుల నడక. బండల మధ్య, చల్లగా, ఊట.

అందరూ తాగాక భల్లూకరావు ఒక బండెక్కాడు. "సోదరులారా! తల శాఖ పొడిచిన పోటు వల్లే ఈ విజయం! వడ్రంగిపిట్టకి పతకం. రాజ్యమ్మగారికి దండ!"

రాజ్యమ్మ దండ తీసుకుంది. నెమ్మదిగా తిన్నది, పూలతో, నారతో సహా. నమిలి మింగి, తలెత్తింది.

"అన్నట్టు, ఏం భల్లూకం, మూడున్నరేళ్ల కిందట మడుగులో పూడిక తీయిస్తానన్నావు. ఏదీ?"

అడవి మొత్తం భల్లూకరావు వైపు తిరిగింది. ఆయన కిందికి వంగి, సేవకుల చెవిలో గుసగుసలాడాడు.

"ముద్ద తెచ్చారా? త్వరగా పెట్టండి ఆవిడకి!"

నీతి: పెద్దలకి ఎప్పుడూ మెత్తటి ముద్దలే పెట్టండి, లేకపోతే మీరన్న మాటలు వాళ్లకి గుర్తుండిపోతాయి.

ఈ నీతి మీకు నచ్చలేదా? అయితే ఇవాళ ఇంటికెళ్లగానే మీ పెద్దవాళ్ల కంచంలోకి తొంగిచూడండి, వాళ్ల మతిమరుపు గురించి డాక్టరుని అడిగేటప్పుడు, "కడుపు సంగతేంటండీ?" అని కూడా అడగండి.