దారి తప్పని హెడ్డుగారు

ప్రపంచంలో దారులు రెండు రకాలు. జనం నడవగా నడవగా పడేవి మొదటి రకం. జనం ఎక్కడ పడితే అక్కడ నడవకుండా వేసేవి రెండో రకం. మొదటి రకానికి కాళ్లు చాలు. రెండో రకానికి కమిటీ కావాలి, కమిటీకి అధ్యక్షుడు, అధ్యక్షుడికి కుర్చీ, కుర్చీకి నీడ. (నీడకు చెట్టు కావాలి. చెట్ల విభాగం వేరు, అక్కడ మళ్లీ అడగాలి.)

గుట్ట పార్కు స్వచ్ఛంద బాటసేవా సంఘంలో హెడ్డుగారు చేరేనాటికి ఈ ఏర్పాట్లేవీ లేవు. పదిమంది మనుషులు, ఆరు పారలు, ఒక తోపుడుబండి. ఆదివారం పొద్దున్నే వచ్చి బాటల మీద పెరిగిన గడ్డి చెక్కేవారు, వానకు కోసుకుపోయిన చోట మట్టి పోసి దిమ్మిస కొట్టేవారు, తొమ్మిదింటికల్లా ఇళ్లకు పోయేవారు. ఒక్క రిజిస్టరు లేదు. ముప్పై నాలుగేళ్లు రికార్డుల ఆఫీసులో హెడ్డు గుమాస్తాగా చేసి రిటైరైన మనిషికి ఆ దృశ్యం ఎంత క్షోభ కలిగించిందో వేరే చెప్పక్కర్లేదు.

నిజానికి ఆయన చేరింది భార్య కోసం. గుట్ట పైన ఒక రాతి బెంచీ ఉంది. గుట్టకు అవతలి వీధిలో ఆవిడ అక్కగారు ఉంటారు. అటువైపు నుంచి బెంచీకి ఏటవాలు బాట ఉంది కనుక, అక్కగారు కర్ర పట్టుకుని రోజూ పైదాకా రాగలరు. ఇటువైపు మాత్రం నలభై రెండు మెట్లు. ఆవిడ మోకాళ్లు ఆరు మెట్ల దాకా ఒప్పుకుంటాయి, ఏడో మెట్టు దగ్గర సమ్మెకు దిగుతాయి. రోడ్డు మీదుగా చుట్టి వెళ్లాలంటే రెండు బస్సులు మారాలి. అక్కచెల్లెళ్లు ఎదురుబదురు కూర్చుని ఏడాది దాటింది.

"ఏమండీ, ఊరికే కూర్చుని నా వంటింటి డబ్బాలకి నంబర్లు వేసే బదులు, ఇటువైపు మెట్లు లేని దారొకటి వేయించకూడదూ?" అంది ఆవిడ.

"వేయించడమేమిటి? నేనే వేస్తా," అన్నారు హెడ్డుగారు.

సంఘంలో అసలైన పనివాడు మేస్త్రీ. ఇళ్లు కట్టి కట్టి, వయసు మీదపడ్డాక బాటల్లో పడ్డాడు. గుట్టను ఒకసారి కిందినుంచి పైకి చూసి, "కుళాయి పక్క పొదల్లోంచి వాలుగా మెలికలు తిప్పి తీసుకుపోదాం సార్. వాననీళ్లు పక్కకి జారేట్టు కాస్త ఒంపు పెడితే సరి. మూడు ఆదివారాల పని," అన్నాడు.

"కొలతలు ఎక్కడ రాశావు?"

"కాళ్లకి తెలుస్తుంది సార్."

కాళ్లకు తెలిసినది కాగితానికి తెలియకపోవడం హెడ్డుగారు భరించలేకపోయారు. మర్నాడే పార్కుల ఆఫీసుకు వెళ్లి, ఈ సంఘానికి నిబంధనలేమైనా ఉన్నాయా అని అడిగారు. పార్కుల అధికారి నిజాయితీపరుడు, లేవన్నాడు. "అయితే నేను రాసిస్తా," అన్నారు హెడ్డుగారు. ఊరికే వచ్చేదాన్ని ఏ ఆఫీసూ కాదనదు.

అలా పుట్టాయి ఇరవై రెండు నిబంధనలు. పార ముట్టే ముందు ఫారం ముట్టాలని మొదటిది. (పారకు ఒత్తిచ్చి పక్కన సున్నా పెడితే ఫారం వస్తుంది, అక్కడ జరిగే పని కూడా ఆ సున్నాయేనని మేస్త్రీ అన్నాడంటారు. మినిట్సులో లేదు.) కొత్త బాట కావాలంటే, ఆ బాట మీద రోజుకు ఎంతమంది నడుస్తున్నారో వరసగా మూడు రోజుల లెక్క చూపాలని పదకొండోది.

"లేని బాట మీద ఎవరు నడుస్తారు సార్?" అన్నాడు మేస్త్రీ.

"ఎవరూ నడవనప్పుడు బాటెందుకయ్యా?" అన్నారు హెడ్డుగారు.

అనుమతి లేని కాలిజాడ గడ్డిలో కనిపిస్తే నలభై ఎనిమిది గంటల్లో ముళ్లకంపతో మూసేయాలని పద్నాలుగోది. ఈ వాక్యం ఎంత బిగువుగా కుదిరిందంటే, ఆయన దాన్ని భార్యకు రెండుసార్లు చదివి వినిపించారు.

"బాగుంది. మరి దారి?" అంది ఆవిడ.

"దారిలో ఉంది."

ఆరు నెలలు గడిచాయి. ఆదివారాల్లో పార పట్టేవాళ్లు నలుగురికి తగ్గారు, పెన్ను పట్టేవాళ్లు ఆరుగురికి పెరిగారు. సంఘం బలం మాత్రం తగ్గలేదు, ఎప్పటిలాగే పది. చిత్రంగా ఆఖరి నెలలో ఆవిడ దారి ఊసెత్తడం మానేసింది. ముఖం కూడా తేటపడింది. నిబంధనల విలువ ఇంటిదాకా వచ్చిందని హెడ్డుగారు మురిసిపోయారు.

అప్పుడు దొరికింది ఆ కాలిజాడ. కుళాయి పక్క పొదల్లోంచి, గడ్డి మధ్యగా, జానెడు వెడల్పున పైకి పోతోంది. ఎంత దూరం పోయిందో చూద్దామని హెడ్డుగారు దాని వెంటే నడిచారు. ఎక్కడా ఆయాసం రాలేదు. ఎక్కడా కాలు జారలేదు. బెంచీ దగ్గర తేలాక, "నేరం తీవ్రత" అనే గడిలో "చాలా సుఖంగా ఉంది" అని రాసుకున్నారు.

"వదిలేద్దాం సార్. ఎవరో పెద్దవాళ్లు నడుస్తున్నట్టుంది," అన్నాడు మేస్త్రీ, ఎటో చూస్తూ.

"పెద్దవాళ్లయితే నిబంధన చిన్నదైపోతుందా?"

బాటలు మూయడంలో ఒక కిటుకు ఉంది. మొదట్లో పది అడుగులు, చివర్లో పది అడుగులు కంప వేస్తే చాలు. కంటికి కనబడని దారిని కాలు వెతుక్కోదు, మధ్యలోది గడ్డే చూసుకుంటుంది. పనివాళ్లెవరైనా అంతే చేస్తారు. హెడ్డుగారు మాత్రం రెండు వందల అడుగులూ మూశారు. మట్టి గుల్ల చేయించి మొక్కలు కూడా నాటించారు. ఇంత నిండుగా మూసిన దారిని తన సర్వీసులో చూడలేదని అధికారి ప్రశంసాపత్రం ఇచ్చాడు. (దాని నమూనా హెడ్డుగారు అంతకు ముందే తయారు చేసి ఉంచారు.)

ఇంటికొచ్చేసరికి చేతుల నిండా గీతలు. ఆవిడ దూదితో మందు అద్దుతూ, "ఎక్కడ గీసుకున్నారండీ ఇంతలా?" అంది.

"గుట్ట మీద. ఎవరో దొంగదారి వేశార్లే. అడుగు మిగల్చకుండా మూసేశా."

దూది ఆగింది.

"కుళాయి పక్కదా?"

"అదే. నీకెలా తెలుసు?"

"నెల్లాళ్లుగా రోజూ నడుస్తున్నాగా. ఇటునుంచి నేను, అటునుంచి అక్క. మేస్త్రీ రెండు చోట్ల రాళ్లు సర్దిపెట్టాడు. మిగతాది నడుస్తుంటే అదే పడింది."

"మరి నాతో ఒక్క ముక్క చెప్పలేదేం?"

"చెబితే ఫారం ఇస్తారని."

మందు సీసాకు మూత బిగించి లోపలికి వెళ్లింది ఆవిడ.

మర్నాడు తెల్లవారగానే మేస్త్రీ పారతో గుమ్మంలో నిలబడ్డాడు. "పదండి సార్. ఇద్దరం పడితే కంప లాగెయ్యడం గంట పని."

హెడ్డుగారు చెప్పు తొడుక్కున్నారు కూడా. రెండో చెప్పు దగ్గర పదిహేనో నిబంధన గుర్తొచ్చింది. మూసిన జాడను తెరవాలంటే దాన్ని కొత్త బాటగా భావించి మూడు రోజుల లెక్క చూపాలి. అదీ ఆయన రాసిందే.

"పద్ధతి ప్రకారం తెరిపిద్దామయ్యా. మూడు రోజులేగా. నేనే కూర్చుంటా."

మేస్త్రీ ఆయన ఒంటి చెప్పు వంక చూశాడు. "కంప మీద ఎవరు నడుస్తారు సార్?"

"అది లెక్కలో తేలుతుంది."

మొదటి రోజు హెడ్డుగారు మెడలో సంఘం ఈల, ఒళ్లో రిజిస్టరు పెట్టుకుని కంప పక్కనే కూర్చున్నారు, ఎవరూ రాలేదు. రెండో రోజు ఒక కుక్క కంప సందుల్లో దూరి వెళ్లింది. నాలుగు కాళ్లను ఇద్దరుగా రాయవచ్చునా అని హెడ్డుగారు నిబంధనల కమిటీకి లేఖ రాశారు. ఆ కమిటీ ఆయనే కనుక జవాబు ఇంకా రాలేదు.

మూడో రోజు పొద్దున ఆవిడ వచ్చింది. కంప అంచుదాకా వెళ్లి ఆగింది. పైన బెంచీ దగ్గర అక్కగారు కర్ర పట్టుకుని అటువైపు తిరిగి కూర్చున్నారు.

"అక్కా," అని పిలిచింది ఆవిడ. అంత దూరం వినపడలేదు. కాసేపు చూసి, "ఏమండీ, మీ మెడలో ఆ ఈల ఒకసారి ఊదండి," అంది.

హెడ్డుగారు ఊదారు. అక్కగారు తిరిగి చూసి, లేచి, కర్ర పైకెత్తారు. ఆవిడ చేయి ఊపింది. ఆవిడ చేయి దించేదాకా అక్కగారు కర్ర దించలేదు. అక్కగారు కర్ర దించేదాకా ఆవిడ చేయి దించలేదు. అలా చాలాసేపు అయింది.

రిజిస్టరులో నడిచేవారికి గడి ఉంది కానీ, చేయి ఊపేవారికి లేదు. హెడ్డుగారు మూడో రోజు ఎదుట "ఎవరూ నడవలేదు" అని రాసి, సంతకం పెట్టి, సాక్షి సంతకం కోసం పెన్ను ఆవిడకు అందించారు.