నవ్వని మనిషికి కట్టిన వంతెన

పంటి డాక్టరు మనల్ని ఏమీ అడగకపోవడం మన అదృష్టం. అడిగితే మనం చెబుతాం. చెబితే పని పాడవుతుంది. అందుకే ఆయన ముందు మన నోట్లో దూది కుక్కి, ఆ తర్వాత సంగతి మాట్లాడతాడు. ఇంతకన్నా సక్రమమైన పద్ధతి ఏ సభలో ఉంది?

నమ్మనివారు జంషెడ్‌పూర్ సిద్ధగోరాలో ఉండే నీలకంఠాన్ని చూడండి.

నీలకంఠం కర్మాగారంలో ఖలాసీ. చైన్ పుల్లీతో బరువులు లాగడం అతని పని. షెడ్డు ఈ చివర అతను నవ్వితే ఆ చివర క్రేన్ మీదున్నవాడు తొంగి చూసేవాడు. పందొమ్మిదివందల డెబ్బయ్యెనిమిదిలో పై వరసలో కోరపన్ను వెనకది ఊడింది. అప్పటినుంచి నవ్వొస్తే భుజం మీది గావంచా నోటికి అడ్డం పెట్టుకునేవాడు.

తోటి ఖలాసీ ఆదిబాబు ఊరుకుంటాడా?

“ఏటి బావా, కొత్తకోడలినాగ సిగ్గుపడతన్నావు?”

“పన్ను కట్టించుకో మావా,” అంది భార్య చిలకమ్మ. “నీ నవ్వు ఇనబడకపోతే ఇల్లు ఇల్లునాగ నేదు.”

సాక్చీ బజారుకు వెళ్లాడు. అక్కడి పంటి డాక్టరుది హిందీ. దూది కుక్కి, “పుల్ లగానా పడేగా,” అన్నాడు. ఊడిన పన్ను చోట కొత్తది పెట్టి, అటూ ఇటూ ఉన్న పళ్లకు తొడుగులు వేసి నిలబెడతారు. అది వంతెన. హిందీలో పుల్.

నీలకంఠానికి హిందీ రాదా? వచ్చు. కానీ పట్టకారు కనబడితే హిందీ గుర్తుండదు. పుల్లీ పట్టినవాడికి పుల్ అంటే ఇంగ్లీషు పుల్, లాగడం. ఉన్నవి కూడా లాగేస్తాడని అర్థమైంది.

డాక్టరు మాత్రం శాస్త్రంలో ఉన్నాడు. కొత్త పన్ను చిగురుకు ఆనితే సొంత పన్నులా కనబడుతుంది, మెతుకు ఇరుక్కుంటుంది. చిగురుకూ పన్నుకూ మధ్య సందు వదిలితే కడగడం సులువు, చూడ్డానికి బాగోదు. ఏది పెట్టాలి? దానికో పరీక్ష ఉంది: నవ్వితే ఆ చోటు కనబడుతుందా?

దూది తీసి, “జరా హఁసియే,” నవ్వమన్నాడు.

నవ్వాలంటే నోరు తెరవాలి. తెరిస్తే పట్టకారు దూరుతుంది. నీలకంఠం పెదవులు బిగించాడు.

“బహుత్ సీరియస్ ఆద్మీ,” అన్నాడు డాక్టరు కాంపౌండరుతో. నవ్వని మనిషికి సందున్న పన్ను ఖాయమైంది.

తీరా డాక్టరు ఏ పన్నూ లాగలేదు, పక్కవి అరగదీసి వంతెన బిగించాడంతే. ఉన్నవి దక్కాయన్న సంతోషంలో నీలకంఠం అద్దం కూడా చూసుకోకుండా ఇంటికొచ్చి, చిలకమ్మ ముందు నోరారా నవ్వాడు.

“అదేటి మావా, పన్ను గాల్లో ఏలాడతంది?”

మర్నాడు షెడ్డులో ఆదిబాబు వంగి చూశాడు. “ఆ సందులోంచి గూడ్సుబండి ఎల్లిపోద్ది బావా.”

నీలకంఠం మళ్లీ సాక్చీ వెళ్లాడు. డాక్టరు అద్దం పెట్టి చూసి, పని బాగుందన్నాడు. లోపం నవ్వులో ఉందట. కొంచెం తగ్గించుకోమన్నాడు.

న్యాయమే కదా! నదికి తగ్గట్టు వంతెన కట్టడం పాత పద్ధతి. ఇప్పుడు వంతెనకు తగ్గట్టు నది పారాలి.

నీలకంఠం తగ్గించుకున్నాడు. పన్ను శుభ్రంగా ఉంది. ఒక్క మెతుకు ఇరుక్కోలేదు. ఆదిబాబు జోకు వేస్తే తల పక్కకు తిప్పుకుంటాడు. డాక్టరు అంచనా అక్షరాలా నిజమైంది: బహుత్ సీరియస్ ఆద్మీ.

చిలకమ్మకు శాస్త్రం తెలియదు.

“పన్ను నేకపోయినప్పుడు, గావంచా ఎనకాలైనా నవ్వీవోడు,” అంటుంది.