తూర్పుకు తిరగని ఇల్లు

ఆ రోజు ఉదయం కొండయ్య వేసుకున్న లెక్క చాలా చిన్నది. ఆత్మకూరులో చేయించిన గదిని బామ్మర్ది భరత్ బండికి తగిలించుకొని, ఉదయగిరి రోడ్డున పోయి, గొర్రెల మంద దగ్గర దించాలి. మధ్యాహ్నానికి చుట్టాలకు భోజనాలు. అంతే.

గది అంటే చక్రాల గది. ఏడాదిలో సగం రోజులు కొండయ్య కాపురం గొర్రెల వెంట చేలల్లోనే. వానకు తడిసి, మంచుకు వణికి విసిగిపోయిన భార్య చెంచమ్మ ఒకరోజు తేల్చి చెప్పింది. "తలుపూ గడపా ఉండే గది కావాల. అందులో పాలు పొంగాల. లేదంటే ఈ ఏడు మంద వెంట నువ్వొక్కడివే పో. నేను జలదంకిలో మా చెల్లెలింట్లో ఉంటా."

వంట దగ్గర్నుంచి గొర్రెపిల్లల సాకుడు దాకా అన్నీ చెంచమ్మ చేతిమీదే నడిచే మంద అది. ఆమె రాకపోతే మూడోరోజుకు గొర్రెలు బాగానే ఉంటాయి గానీ కొండయ్య ఉండడు. పైగా రేపటినుంచి మూఢం. ఈ పూట పొద్దు గూకేలోపల పాలు పొంగకపోతే ఇక మంద బయలుదేరేలోగా మంచిరోజు లేదని పంతులు చెప్పేశాడు.

గది ఆలోచన భరత్‌ది. పరాయి దేశాల్లో ఇళ్ళనే బండికి కట్టుకుని తిరుగుతారని వాడు ఫోన్లో చూశాడు. గది ముందు భాగం ముక్కులాగా పొడుచుకొని వచ్చి, పికప్ బండి వెనక తొట్టి మీద కూర్చుంటుంది. "ఇట్టయితే గది ఊగదు బావా, ఉయ్యాల మాదిరి పోతాది" అన్నాడు. తొట్టి కొలత తనే తీసి, వెల్డింగ్ షాపు మాల్యాద్రికి ఇచ్చాడు.

చెంచమ్మ మామిడాకుల తోరణం కట్టి, పాలగిన్నె పట్టుకొని, కుడికాలు పెట్టి గదిలోకి ఎక్కింది. బండి కదిలింది. షాపు దాటి మొదటి మలుపు తిరుగుతుండగా వెనకనుంచి 'కర్ర్' మని చప్పుడు. దిగి చూస్తే గది ముక్కు మూల వచ్చి క్యాబిన్‌ను గీరుకుంది.

మాల్యాద్రి టేపు తెచ్చి తొట్టిని కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. "నువ్విచ్చిన కొలతకు మూరెడు తక్కువుండాదే! వెనక తలుపు దించి కొలిచినావా ఏంది?"

"దించేదేముండాది? గొర్రెల్ని ఎక్కించే బండి. ఎప్పుడూ దించే ఉంటది గదా" అన్నాడు భరత్.

కొండయ్య బామ్మర్ది వంక చూశాడు. "నోరు తెరిచి పెట్టి మనిషి పొడుగు కొలిచినట్టుండాది."

"కోసి మళ్ళీ అతికించాలంటే వారం పడతాది" అన్నాడు మాల్యాద్రి.

"వారం దేనికి బావా? నిటారుగా పోతే తగల్దు. మెల్లంగా వంపు తీసినా తగల్దు. గట్టిగా తిప్పితేనే గదా" అన్నాడు భరత్.

కొండయ్య కిటికీ దగ్గరికి పోయాడు. "ఏమే, ఆ పాలేందో ఈడనే పొంగించకూడదా?"

"వాకిలి యాడికి చూస్తుండాది?"

బండి ఉత్తరం చూస్తోంది. గది తలుపు ఎడమ పక్కన. అంటే పడమర.

"పడమటి వాకిట్లో పాలు పొంగిస్తారా ఎవరన్నా? తూర్పుకు తిప్పు, పొంగిస్తా."

"సరే, దిగు. మంద దగ్గరికి పోయినాక చూద్దాం."

"కుడికాలు పెట్టి ఎక్కినా. పాలు పొంగకుండా గడప దాటేది లేదు."

బండి మళ్ళీ బయలుదేరింది. రోడ్డు చాలామేరకు తిన్నగా ఉండి వాళ్ళను కాపాడింది. చిక్కంతా మంద ఉన్న చోటికి తిరిగే దోవ దగ్గర వచ్చింది. అటూ ఇటూ ముళ్ళకంచె, మధ్యన సన్నటి మట్టిదోవ, రోడ్డుకు అడ్డంగా. కొండయ్య చెల్లెలు పోలేరమ్మ పసుపునీళ్ళ చెంబుతో దోవ మొదట్లో నిలబడింది. భరత్ కొంచెం తిప్పాడు. 'కర్ర్'. ఠక్కున మళ్ళీ తిన్నగా చేశాడు. ఇల్లు పోలేరమ్మ ముందునుంచి నెమ్మదిగా దాటిపోయింది. కిటికీలో చెంచమ్మ ముఖం కూడా దాటిపోయింది.

"వదినా, యాడికి పోతుండావు?"

"మీ అన్ననడుగు!"

కొండయ్య క్యాబిన్లోంచి తల బయట పెట్టి అరిచాడు. "మందను తోలుకొని మా వెనకే రా! ముందు యాడన్నా ఎడల్పుంటే తిప్పతాం!"

బండి గీరుకుంటుందేమోనన్న భయంతో భరత్ నడక వేగంతో తోలుతున్నాడు. కాసేపటికే మంద వచ్చి గదిని కలుసుకుంది. తర్వాతి ఊరివాళ్ళకు కనిపించింది ఇది: ఒక తెల్లటి పెట్టె, దానికి నీలం చార, కిటికీలో కూర్చున్న ఒకామె, వెనక వరసగా గొర్రెలు. ఊళ్ళకొచ్చే పశువుల డాక్టరు బండిదీ అదే రంగు; మాల్యాద్రి షాపులో మిగిలిన రంగు అదేనని వాళ్ళకేం తెలుసు?

"సూదుల బండి వచ్చినాది!" అని ఎవరో కేకేశారు. ఇళ్ళలోంచి మేకలు, గొర్రెలు బయటికి వచ్చాయి. దేవకమ్మ అనే ముసలామె మేకను లాక్కుంటూ కిటికీ పక్కన పరుగెత్తింది.

"డాక్టరమ్మా! మా మేక రెండు రోజులుగా మేత ముట్టడంలా!"

"నేనూ పొద్దుట్నించి ఏం ముట్టలా. నన్నెవరు చూస్తారు?" అంది చెంచమ్మ.

"బో కోపంగా ఉండాదే!"

"కోపముంటే మంచి డాక్టరే" అన్నాడు గోవిందయ్య, తన మందను కూడా రోడ్డెక్కిస్తూ.

ఊరు దాటేసరికి భరత్ అద్దంలో రోడ్డు కనిపించడం మానేసింది. కొమ్ములు, చెవులు, వాటి వెనకెక్కడో మొత్తుకుంటున్న బస్సు హారను. పొద్దు వాలుతోంది. అప్పుడు కుడిపక్కన కంచె లేకుండా, సజ్జ కోసేసిన పెద్ద చేను కనిపించింది.

"బావా, ఆ చేలో సుట్టు తిప్పతా" అన్నాడు భరత్.

"అది సురేంద్రబాబయ్య చేనురా! కాళ్ళిరగ్గొడతాడు."

"అక్క జలదంకి పోతే?"

కొండయ్య వాలుతున్న పొద్దు వైపు చూశాడు. "తిప్పు."

బండి పెద్ద వంపు తీసుకుంటూ చేలోకి దిగింది. కొండయ్య మంద, గోవిందయ్య మంద, ఊరి జీవాల మంద, మూడూ వెనకే దిగాయి. ఎదురుగా దక్షిణం వచ్చిందనుకొని భరత్ ఆపాడు. చెంచమ్మ పొద్దును చూసి, గడపను చూసి, "ఆగ్నేయం" అంది. మళ్ళీ చుట్టు. "ఈశాన్యం." మళ్ళీ చుట్టు. బండి వెనక గొర్రెలు, గొర్రెల వెనక దేవకమ్మ గిరగిరా తిరిగారు. ఆఖరికి తలుపు తిన్నగా తూర్పును చూసింది. కొండయ్య ఊపిరి పీల్చుకున్నాడు.

లోపలినుంచి చెంచమ్మ ఖాళీ గిన్నె ఎత్తి చూపించింది. "ఇదేనా నీ ఉయ్యాల? పాలన్నీ నేలపాలు."

సరిగ్గా అప్పుడు మోటారు సైకిలు మీద సురేంద్రబాబు వచ్చాడు. చేతిలో కర్ర.

"ఎవుర్రా నా చేలో రథం తిప్పేది?"

సూదుల కోసం వచ్చినవాళ్ళు ఎవరి జీవాలను వాళ్ళు వెతుక్కోవడం మొదలుపెట్టారు. కొండయ్య చేతులు జోడించాడు. "తప్పయిపోయినాది అయ్యా. ఇప్పుడే తోలేస్తా. హెయ్! హెయ్!"

సురేంద్రబాబు కర్ర ఎత్తాడు. ఎత్తినవాడు చేను ఈ చివరనుంచి ఆ చివరకు చూశాడు. ఒక్క మంద ఒక్క రాత్రి పడుకుంటే ఆ చేనికి ఎరువు వేరే తోలక్కర్లేదు. రోడ్డు పక్కన లారీల భయమని రెండేళ్ళుగా ఏ కాపరీ ఆయన చేలో మంద కట్టలేదు. ఇప్పుడు మూడు మందలు, పిలవకుండా వచ్చి, ఆయన కళ్ళముందే పని మొదలుపెట్టేశాయి.

కర్ర నెమ్మదిగా దిగింది. "తోలేదానికేం తొందర కొండయ్యా? పాపం, తిరిగి తిరిగి అలిసిపోయుండాయి. పండుకోనీ."

"లేదయ్యా, పాలు పొంగకపోతే మా ఆడది జలదంకి పోతానంటుండాది. ఆమె పోతే నేను మందను యాడ నిలబెట్టేది?"

"మంద పోతాదా?" సురేంద్రబాబు ముఖం పాలిపోయింది. ఫోన్ తీసి భార్యకు చేశాడు. "విజయా! ఆవును పితికినావా? కాఫీ లేదు ఏం లేదు, ఉన్న పాలన్నీ రోడ్డు చేని కాడికి తీసుకురా. బిన్నా రా!"

విజయకుమారి స్కూటీ మీద క్యానుతో వచ్చేసరికి పొద్దు కొండమీద కూర్చుంది. చెంచమ్మ స్టవ్ వెలిగించింది. పాలు తూర్పు వైపే పొంగాయి. దేవకమ్మ మేక కూడా తోరణంలో మామిడాకు ఒకటి లాక్కుని తినేసింది. డాక్టరమ్మ హస్తవాసి మంచిదని అందరూ ఒప్పుకున్నారు.

పాయసం తాగుతూ భరత్ చేను వైపు దిగులుగా చూశాడు. "అయ్యా, పొద్దున్నే బయటపడాలంటే బండిని మళ్ళీ ఉత్తరానికి తిప్పాల. ఈ మందలన్నీ అడ్డం పండుకుంటే ఎట్ట?"

సురేంద్రబాబు గ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకున్నాడు. "దానిదేముండాది నాయనా, రోడ్డుకవతల నాకింకో చేను ఉండాది, మందలతో సహా అందులో తిప్పుకో."